‘47’ అంటే ఏ నలభయ్యేడు?

ప్రత్యేక సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసమొకటి వ్రాయమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, ధవళేశ్వరం ఆనకట్ట గురించో, వీరేశలింగం పంతులుగారి గురించో వ్రాస్తాననుకొని ఉంటారు. ఆ విషయాల మీద మన సభ్యులే నాకన్న బాగా వ్రాసి ఉన్నారు. నేను వ్రాయదలచినది తేదీ చివర మనం వేసే రెండు అంకెల చరిత్ర. ఇదేమి చరిత్ర అని నవ్వవద్దని మనవి. ముప్పయి, ముప్పయి అయిదేళ్ళ సర్వీసులో మనం అన్నిటికన్న ఎక్కువసార్లు వ్రాసినది మన సంతకము, దాని క్రింద తేదీ. ఆ తేదీలో సంవత్సరాన్ని నాలుగు అంకెలు వేసినవారు మనలో ఎందరు? ‘12-6-84’ అని గీకి ఫైలు ప్రక్కకు నెట్టడమే అలవాటు. బల్లమీద తిప్పుకొనే రబ్బరు తేదీ ముద్రలోనూ చాలా చోట్ల రెండంకెలే ఉండేవి.

అయితే ఒక్కచోట మాత్రం ఈ పొదుపు పనికిరాదని మన పెద్దలు ముందే గ్రహించారు. సర్వీసు రిజిస్టరు మొదటి పేజీలో పుట్టినతేదీని అంకెలలోను, అక్షరాలలోను కూడ వ్రాయాలి. నాది 12-6-1947 అని వేసి, ప్రక్కనే పంతొమ్మిది వందల నలభై ఏడవ సంవత్సరము జూన్ పన్నెండు అని అక్షరాలలో వ్రాసి, ఆపైన అధికారి సంతకం. చేరిన రోజున ఇది చాదస్తంగా తోచింది. 1983 ఫిబ్రవరిలో పదవీ విరమణ వయస్సును 58 నుంచి 55కు దించినప్పుడు ఆ పేజీ విలువ తెలిసివచ్చింది. మా సెక్షనులో సీనియర్లు ఒక్కొక్కరే రిజిస్టరు తెప్పించుకొని తమ పుట్టినతేదీని మళ్ళీ మళ్ళీ చదువుకోవడం నేను చూశాను. తరువాత వయస్సు మళ్ళీ 58 అయినది. రాష్ట్ర విభజన తరువాత 2014లో 60, 2022లో 62 అయినది. నేను 58లోనే, 2005 జూన్ నెలాఖరున ఇంటికి వచ్చాను.

సంవత్సరాన్ని కుదించి చెప్పడం కంప్యూటరుతో వచ్చిన జబ్బు కాదు. మన గోదావరి జిల్లాలవారి నోట ఎప్పుడూ ఉన్నదే. ‘53 వరద’, ‘69 తుఫాను’, ‘77 ఉప్పెన’, ‘86 వరద’, ‘96 తుఫాను’ అంటాము. ఎవరూ శతాబ్దం చెప్పరు, ఎవరూ అడగరు. చెప్పేవాడు, వినేవాడు ఇద్దరూ ఆ నీళ్ళు చూసినవారే కనుక తికమక లేదు. కాని ‘39 ఉప్పెన’ అని ఎవరైనా అంటే మనం తెల్లబోతాము. కోరంగి రేవును ముంచేసిన ఉప్పెన 1839 నవంబరులో వచ్చింది. దానిని చూసినవారెవరూ లేరు కాబట్టి రెండంకెలు చాలవు. కుదింపు అనేది బ్రతికి ఉన్నవారి జ్ఞాపకం మీద ఆధారపడి నడుస్తుంది. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోవాలి, ముందు ముందు పనికివస్తుంది.

అంతకుముందు మనవారు అంకెలు కాక పేర్లు వాడారు. ప్రభవ మొదలు అక్షయ వరకు అరవై పేర్లు. ఇది కూడ కుదింపే. ఇంగ్లీషు రెండంకెలు నూరేళ్ళకొకసారి తిరిగి వస్తే, మన పేరు అరవై ఏళ్ళకే తిరిగి వస్తుంది. నందన కరువు అని మన తాతలు చెప్పుకొన్నది 1832-33 నాటి గుంటూరు కరువు. తరువాత 1892లోను, 1952లోను, 2012లోను నందన వచ్చింది. ధాత కరువు 1876లో మొదలైనది. కోనసీమ కొబ్బరిచెట్లను వరుసపెట్టి నేలకూల్చిన 1996 నవంబరు తుఫాను కూడ ధాత సంవత్సరంలోనే వచ్చింది. నేను పుట్టినది సర్వజిత్తు. 2007లో ఆ పేరు తిరిగి వచ్చినప్పుడు మా పిల్లలు షష్టిపూర్తి చేశారు. అరవై నిండడమంటే పుట్టిన సంవత్సరం పేరు మళ్ళీ చూడడమే కదా. ఆ సర్వజిత్తులోనే పుట్టిన మనుమడు కూడ ఉంటే, ఇంట్లో ఇద్దరు సర్వజిత్తులు. ఎవరు తాతో ఎవరు మనుమడో పేరును బట్టి తేలదు, మనిషిని చూస్తే తేలుతుంది.

పాత కాగితాలు చూసే దొరలకు ఇదే పెద్ద చిక్కు అయినది. రాజమండ్రిలో కూడ కొలువు చేసిన సి.పి. బ్రౌన్‌గారు తెలుగు, కన్నడ దేశాల చరిత్రకు పనికివచ్చేటట్లు ఈ అరవై పేర్లకు, హిజ్రీ లెక్కకు, ఇంగ్లీషు సంవత్సరాలకు పొంతన చూపే పట్టికలు తయారుచేసి 1850లో మద్రాసులో అచ్చువేయించారు. ఆయన నిఘంటువు గురించి అందరూ చెబుతారుగాని, ఈ పట్టికల గురించి చెప్పేవారు తక్కువ. లెక్కల సెక్షనులో పనిచేసినవాడిని గనుక నాకు ఆ పట్టికలంటేనే ఎక్కువ గౌరవం. ఇక రెవిన్యూవారి ఫసలీ సంగతి వేరు. దానికి 590 కలుపుకొంటే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. జూలై ఒకటిన మొదలవుతుంది. 1947 జూలైలో మొదలైనది ఫసలీ 1357. పాత అడంగలు కాగితంలో వట్టి ‘57’ అని ఉంటే అది ఏ యాభయ్యేడో, తాలూకా కచేరీలో పనిచేసినవారే చెప్పాలి.

మరి ఇంకా పూర్వులు ఏమి చేశారు? కోరుమిల్లి రాగి శాసనం చూడండి. రాజరాజనరేంద్రుని పట్టాభిషేకం ఎప్పుడు జరిగిందో అందులో ఉన్నది. శక సంవత్సరం 944. దానిని అంకెలలో కాక మాటలలో చెప్పారు. వేదాలు నాలుగు, సముద్రాలు నాలుగు, నిధులు తొమ్మిది. వెనుకనుంచి చదువుకొంటే 944. అంతటితో ఊరుకోలేదు. సూర్యుడు సింహరాశిలో, కృష్ణపక్షం విదియ, గురువారం, ఉత్తరాభాద్ర నక్షత్రం. లెక్కకట్టినవారు ఇది 1022 ఆగస్టు 16 అని తేల్చారు. ఆ రోజు గురువారమే. రాగిరేకు మీద ఒక మాట అరిగిపోయినా మిగిలినవి సాక్ష్యం చెబుతాయి. మన సర్వీసు రిజిస్టరులో అంకెలు, అక్షరాలు రెండూ వ్రాయించినది ఈ బుద్ధితోనే. ఒకదానికొకటి ఆడిట్ అన్నమాట.

ఈ ఆడిట్‌ను తీసివేసినది కంప్యూటరు. మొదట్లో దాని తప్పు కూడ లేదు. ఆ యంత్రాలకు లెక్కలు అందించడానికి చిల్లులు పొడిచిన అట్టముక్కలు వాడేవారు. ఐ.బి.ఎం. వారి కార్డులో వరుసకు 80 గడులు. పేరు, ఊరు, జీతం, కోతలు అన్నీ ఆ ఎనభైలో ఇరికించాలి. సంవత్సరంలో ముందరి ‘19’ అందరికీ తెలిసినదే కదా అని రెండు గడులు మిగుల్చుకొన్నారు. తరువాత కార్డులు పోయి టేపులు వచ్చాయి, టేపులు పోయి డిస్కులు వచ్చాయి, గడుల కరువు తీరింది, అలవాటు మాత్రం పోలేదు. రాబర్ట్ బీమర్ అనే ఆయన 1971లోనే ఇది ముందు ముందు కొంప ముంచుతుందని వ్రాశాడు. 2000 రావడానికి ఇంకా ముప్పయ్యేళ్ళు ఉన్నదని ఎవరూ చెవిని పెట్టలేదు. మనం మాత్రం తక్కువ తిన్నామా? చెక్కు పుస్తకాలు, రశీదు పుస్తకాలు, బిల్లు ఫారాలు అన్నిటిమీద ‘19’ అని అచ్చువేయించి తరువాత ఖాళీ వదలినవాళ్ళం మనమే. 2000 జనవరిలో ఆ ‘19’ మీద అడ్డంగీత గీసి పైన 20 వేయడంతోనే కొన్నాళ్ళు గడిచింది.

1997, 98 సంవత్సరాలలో ఆ రెండంకెల రోగానికి వైద్యం చేయడానికి ప్రపంచమంతటా మనుషులు కావలసివచ్చారు. ఈ భాగం మన డెల్టావారికి ఇంటింటి చరిత్ర. పాత కోబాల్ ప్రోగ్రాములు పంక్తి పంక్తి చదివి తేదీ ఎక్కడున్నదో వెదకి సరిచేయాలి. హైదరాబాదు అమీర్‌పేటలో కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ నేర్పే శిక్షణ సంస్థలు వీధి వీధికీ వెలిశాయి. భీమవరం ప్రాంతానికి చెందిన రామలింగరాజుగారు 1987లో పెట్టిన సత్యం కంప్యూటర్స్‌కు కూడ ఈ పని పుష్కలంగా దొరికింది. (ఆ సంస్థ 2009లో ఏమయినదో అందరికీ తెలుసు, ఇక్కడ అప్రస్తుతం.) అమెరికావారు తమ హెచ్-1బి వీసాల పరిమితిని 1998 చట్టంతో ఏడాదికి 65,000 నుంచి 1,15,000కు పెంచారు. అమలాపురం, తణుకు, రామచంద్రపురం, పాలకొల్లు... ఏ ఊరు తీసుకొన్నా ఆ రెండేళ్ళలో విమానమెక్కిన కుర్రవాళ్ళు ఉన్నారు. ఎకరమో అరెకరమో అమ్మి ఫీజు కట్టిన తండ్రులు మన సభ్యులలోనే ఉన్నారు. సంవత్సరంలో రెండంకెలు ఎగవేసిన పాపం ఎవరిదైతేనేమి, పుణ్యం మాత్రం గోదావరి జిల్లాలకు కొంత దక్కింది.

1-1-2000 ఏ గొడవా లేకుండా తెల్లవారింది. అప్పుడు అందరూ ‘ఇంతేనా, ఊరికే భయపెట్టారు’ అన్నారు. భయపెట్టినందువల్లనే పని జరిగిందని నా అభిప్రాయం. కాని ఆ పని అన్నిచోట్లా పూర్తిగా జరగలేదు. రెండంకెలను నాలుగు చేయాలంటే కోట్ల సంఖ్యలో ఉన్న పాత లెక్కలన్నీ తిరగవ్రాయాలి. ఖర్చు, కాలం రెండూ లేవు. అందువల్ల చాలా చోట్ల ఒక ఉపాయం చేశారు. నూరేళ్ళ మధ్య ఒక గీత గీశారు. గీతకు ఇటు ఉన్న అంకెలు 1900లవి, అటు ఉన్నవి 2000లవి అని యంత్రానికి చెప్పి ఊరుకొన్నారు.

మనకు ఇది కొత్త సంగతి కాదు. కటాఫ్ తేదీ అంటే ఏమిటో పెన్షనరుకు ఎవరూ చెప్పనక్కరలేదు. 31-3-1979కి ముందు రిటైరయినవారికి ఒక లెక్క, తరువాతివారికి ఒక లెక్క అని కేంద్రం గీసిన గీతను 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో చెరిపివేసినందుకే కదా మనం ఏటా ఆ రోజున పెన్షనర్ల దినం జరుపుకొనేది. కంప్యూటరులోని గీతకు మాత్రం కోర్టు లేదు. పైగా ఒక్కొక్క సాఫ్ట్‌వేరుకు ఒక్కొక్క గీత. మైక్రోసాఫ్ట్ వారి ఎక్సెల్‌లో 1995 నాటి రకంలో 00 నుంచి 19 వరకు 2000లు, 20 నుంచి 1900లు. 1997 రకంలో గీతను 30 దగ్గరకు జరిపారు. అంటే 1925లో పుట్టిన పెద్దమనిషి తేదీని ‘25’ అని టైపు చేస్తే, పాత దానిలో 1925, కొత్త దానిలో 2025. మనిషి మారలేదు, యంత్రం మారింది. ఒరాకిల్‌లో రెండంకెలకని పెట్టిన పద్ధతిలో, ఈ శతాబ్దపు మొదటి సగంలో ఉన్నాము కాబట్టి, 49 వరకు 2000లు. మైక్రోసాఫ్ట్ వారిదే ఎస్.క్యు.ఎల్. సర్వర్‌లోనూ మామూలుగా 49 వరకే. యూనిక్స్ సంప్రదాయంలో 68 వరకు 2000లు, 69 నుంచి 1900లు. ఆ యంత్రాల కాలగణన 1970 జనవరి ఒకటిన మొదలవుతుంది, అందుకని అక్కడ గీశారు. ఇప్పుడు నా ‘47’ సంగతి చూడండి. 30 దగ్గర గీత ఉన్న ఎక్సెల్‌లో నేను 1947లో పుట్టాను. మిగిలిన మూడింటిలో 2047లో పుట్టబోతున్నాను.

ఇది నవ్వులాట కాదని 2009లో తెలిసింది. కేంద్ర ప్రభుత్వపు ఆరవ వేతన సంఘం తరువాత 80 నిండిన పెన్షనర్లకు, కుటుంబ పెన్షనర్లకు మూల పెన్షనుపై అదనంగా 20 శాతం, 85కు 30, 90కి 40, 95కు 50, నూరేళ్ళకు నూరు శాతం ఇవ్వసాగారు. (మన రాష్ట్రంలో శ్లాబులు వేరు, ఇంకా ముందే మొదలవుతాయి.) మా వీధిలో ఒక మామ్మగారు, కేంద్ర ఉద్యోగి భార్య, కుటుంబ పెన్షనరు. పుట్టినది 1929. ఎనభై నిండినా ఆమెకు పెంపు రాలేదు. నేను వెంట వెళ్ళాను. ఏ కార్యాలయమో చెప్పడం అనవసరం. ఎనభై నిండినవారి జాబితాలో ఆమె పేరు లేదు. పి.పి.ఓ. కాగితంలో 1929 అని నిక్షేపంగా ఉన్నది. కంప్యూటరు తెరమీద చూస్తే ‘29’ అని కనబడుతున్నది, తప్పేమీ లేదు. అక్కడి కుర్రవాడు మంచివాడు, విసుక్కోకుండా ఆ గడిని నాలుగంకెలకు మార్చి చూపించాడు. 2029! వయస్సు గడిలో మైనస్ 20. మైనస్‌లో ఉన్నవన్నీ టైపు తప్పులని ఎవరో ఒక పుణ్యాత్ముడు జాబితానుంచి ఎత్తివేశాడు.

మామ్మగారికి విషయం వివరించాను. ఆమె కాసేపు ఆలోచించి, ‘అయితే నాయనా, నేనింకా పుట్టనే లేదన్నమాట. మరి మా ఆయన ఎవరిని చేసుకొన్నట్టు?’ అన్నారు. అక్కడున్నవారందరూ నవ్వారు. డబ్బు మాత్రం బకాయిలతో సహా చేతికి రావడానికి నెలలు పట్టింది. ఆమె మందుల ఖర్చు ఆ నెలల్లో ఆగలేదు.

ఇటువంటివి మనదేశంలోనే జరుగుతాయనుకోవద్దు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో 1990ల మొదట్లో 104 ఏళ్ళ వృద్ధురాలికి శిశుతరగతిలో చేరమని ఆహ్వానం వెళ్ళింది. 1888లో పుట్టినామె, ‘88’లో పుట్టిన పిల్లలందరినీ ఏరుతున్న యంత్రం ఆమెను కూడ ఏరింది. ఇంకా ఈమధ్య, 2024లో, 101 ఏళ్ళ అమెరికా ప్రయాణికురాలిని విమాన సంస్థ కంప్యూటరు ఏడాది పిల్లగా లెక్కవేసినట్లు పత్రికలలో వచ్చింది. ఆమె పుట్టినది 1922. రెండు కథలలోనూ చిక్కుకొన్నది ముసలివారే చూడండి. ముప్పయ్యేళ్ళవాడిని ఈ గీత ఏమీ చేయలేదు. రెండంకెలు నూరేళ్ళకు సరిపోతాయి; గీతకు ముందు కొంత వదలితే మనిషికి మిగిలేది డెబ్బై, ఎనభై ఏళ్ళు. అంతకన్న ఎక్కువ బ్రతికినవాడు సాఫ్ట్‌వేరు దృష్టిలో లేనట్టే.

ఇంకొక విచిత్రం చెబుతాను. జావా అనే భాషలో తేదీలు చదివే ఒక పాత ఏర్పాటు ఉన్నది. దానిలో గీత నిలకడగా ఉండదు, ఏటా జరుగుతుంది. ఈ రోజుకు వెనుక 80 ఏళ్ళు, ముందు 20 ఏళ్ళు, ఆ నూరేళ్ళలో పడేటట్టు రెండంకెలను అర్థం చేసుకొంటుంది. గీత పాతబడదు కనుక మిగిలినవాటికన్న తెలివైన పద్ధతే. కాని ఆ 80 చూశారా? 2027 జూన్ 12కు నాకు 80 నిండుతాయి. ఆ ఏర్పాటు ఉన్న యంత్రంలో ఎవరైనా నా పుట్టినతేదీని ‘12-6-47’ అని కొడితే, ఆనాటి దాకా నేను 1947. ఆ తరువాత 2047. కేంద్రంవారి లెక్కలో అదనపు 20 శాతానికి అర్హత వచ్చేదీ, ఈ యంత్రం లెక్కలో నేను పుట్టకుండా పోయేదీ ఒకే పుట్టినరోజున! ఆ నెలాఖరుకే గోదావరి పుష్కరాలు వస్తాయి. స్నానానికి వెళ్ళేది ఎవరని అడగాలి మరి.

సరే, రెండంకెలు కనబడితే సాఫ్ట్‌వేరు ఏమి చేయాలి? కొందరు మిత్రులు ఇది టైపిస్టు బద్ధకమంటారు. నేను ఒప్పుకోను. మనుషులు కుదించే వ్రాస్తారు, వెయ్యేళ్ళనుంచి వ్రాస్తున్నారు. చదివేవాడికి సందర్భం తెలియాలి. మా సెక్షనులో కొత్తగా చేరిన గుమాస్తాకు కూడ, పుట్టినతేదీ ‘29’ అని ఉంటే అది జరిగిపోయినదని, అప్పు చివరి వాయిదా ‘29’ అని ఉంటే అది జరగబోయేదని వేరే చెప్పనక్కరలేదు. యంత్రం మాత్రం రెంటికీ ఒకే గీత వాడుతుంది. పుట్టినతేదీ రేపటిది కాజాలదు. పెన్షను తీసుకొనేవారు పసిపిల్లలు కారు (అనాథ పిల్లల కుటుంబ పెన్షను ఉన్నది నిజమే, అందుకే ఊహించకూడదు, అడగాలి). ఇంతమాత్రం ఆ యంత్రానికి నేర్పడం కష్టం కాదని అమెరికాలో ఉన్న మా పెద్దవాడే చెప్పాడు. 98లో కోబాల్ నేర్చుకొని వెళ్ళినవారిలో వాడూ ఒకడు. అన్నిటికన్న నేరం, నా దృష్టిలో, ఊహించడం కూడ కాదు. 2029 అని ఊహించుకొని, తెరమీద మళ్ళీ ‘29’ అనే చూపించడం. మనిషికి కనబడితే దిద్దుతాడు. లోపల ఒకటి, పైకి ఒకటి ఉంటే ఎవరు దిద్దుతారు? తేదీలు వ్రాసే పద్ధతికి అంతర్జాతీయ ప్రమాణం 1988లో వచ్చినప్పుడు రెండంకెల సంవత్సరానికి కూడ చోటిచ్చారు. 2004లో సవరించినప్పుడు ఆ చోటు తీసివేశారు. పదహారేళ్ళు పట్టినా బుద్ధి వచ్చింది.

రైలు ప్రయాణాలు చేసిన మిత్రులకోసం ఒక్క మాట. మన హేవలాక్ వంతెన 1900లో మొదలై 1997లో విశ్రాంతి తీసుకొన్నది. ‘00’లో చేరి ‘97’లో రిటైరు. ఆ రికార్డును ఇప్పుడు ఏ కంప్యూటరుకైనా ఇస్తే, చేరడానికి మూడేళ్ళ ముందే రిటైరయినదంటుంది. గ్రాట్యుటీ ఇస్తుందో, రికవరీ పెడుతుందో!

మన సంఘం సభ్యుల జాబితాను ఈమధ్య తిరిగి వ్రాశాము. కొత్త ఫారంలో పుట్టినతేదీకి ఎనిమిది గడులు పెట్టించాను, క్రింద అక్షరాలలో వ్రాయడానికి ఒక పంక్తి, ప్రక్కన నిండిన వయస్సు. కుటుంబ పెన్షనర్లయిన పెద్దవారిలో కొందరికి ఇంగ్లీషు తేదీ జ్ఞాపకం లేదు. ధాత, శ్రావణమాసం, వరలక్ష్మీవ్రతం ముందురోజు అని చెప్పినవారున్నారు. మొదట ఆమె ముఖం చూసి 1936 అని, తరువాత పాత పంచాంగం చూసి తేదీ వేశాము. అటువంటివారు మీ ఇళ్ళలో ఉంటే వారి పి.పి.ఓ. నకలు తీసుకొని సంఘం కార్యాలయానికి రండి. బ్యాంకులోను, ట్రెజరీలోను వారి పుట్టిన సంవత్సరం నాలుగంకెలతో ఎలా పడిందో ఒకసారి అడిగి చూపించుకోండి. రెండంకెలే చూపిస్తే, మిగిలిన రెండూ చూపించేవరకు కుర్చీలోనుంచి లేవకండి.